చిలుకూరులో నూటెనిమిది, చేవెళ్లలో ఒక పేరు

మెహిదీపట్నంలో చిలుకూరు బస్సెక్కి ఆధార్ చూపించగానే కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. నేను దాన్ని చూడకుండానే బ్యాగులో పడేశాను. పక్క సీట్లో ఉన్న అక్క మాత్రం తన టికెట్ మడిచి ఫోన్ కవర్‌లో దాచుకుంది.

"ఏంటక్కా, ఫ్రేమ్ కట్టించి పెట్టుకుంటావా?" అన్నాను.

"నవ్వకు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆడోళ్లకు బస్సు ఫ్రీ కదా. కానీ ఇక్కడి అడ్రస్‌తోని గుర్తింపు కార్డు ఉండాలె. నా క్లయింట్లకు అది ఉండదు. పిల్లల్ని చంకనేసుకుని బాలాపూర్ నుంచి కోర్టుకు టికెట్ కొనుక్కొని వస్తరు. ఈ ముక్క చూసినప్పుడల్లా వాళ్లే గుర్తొస్తరు."

ఈ అక్క మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటుంది. లాయరు. శరణార్థులకు ఫీజు తీసుకోకుండా కేసులు చూసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తుంది. సొంతూరు చేవెళ్ల దగ్గర పల్లె. నాకేమో మొన్ననే అమెరికా వీసా వచ్చింది, చిలుకూరు బాలాజీకి మొక్కు బాకీ ఉంది. ఇద్దరిదీ ఒకే రూటు కాబట్టి శనివారం పొద్దున్నే కలిసి బయల్దేరాం. ఇదంతా రాస్తానంటే ఒక్క షరతు పెట్టింది. "నా పేరొద్దు, ఆఫీసు పేరొద్దు. మా దగ్గరికొచ్చేటోళ్లు ఇబ్బంది పడతరు." అందుకే ఈ వ్యాసం మొత్తం ఆమె 'అక్క'గానే ఉంటుంది.

గుడి చుట్టూ పదకొండు

చిలుకూరు సంగతి మీకు తెలిసే ఉంటుంది. మొయినాబాద్ మండలంలో, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న గుడి. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు, టికెట్ లేదు. కోరిక కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. లెక్క తప్పకుండా అంకెలు అచ్చేసిన కార్డు ఒకటి, పెన్ను ఒకటి చేతిలో ఉండాలి. ఒక్కో చుట్టుకీ ఒక్కో అంకె కొట్టేస్తూ పోవాలి. వీసా బాలాజీ అనే పేరు ఊరికే రాలేదు. ఆ రోజు నా ముందు నడిచిన నలుగురు కుర్రాళ్లూ గోవిందా అనే గ్యాప్‌లో ఇంటర్వ్యూ స్లాట్ల గురించే మాట్లాడుకుంటున్నారు.

మొదటిసారి నాకు వీసా రిజెక్ట్ అయింది. కిటికీ దగ్గర మూడు నిమిషాలు కూడా నిలబడలేదు. బయటికొచ్చాక నాన్నకి ఫోన్ చెయ్యలేక రోడ్డు మీదే ఏడ్చాను. ఆ రాత్రి అక్క పైనుంచి దిగొచ్చి నాకు టీ పెట్టిచ్చింది. "బాధపడు, తప్పు లేదు. కానీ వద్దన్నాక నువ్వు వాపసు రానీకి ఇల్లుంది, యాద్ పెట్టుకో" అంది. అప్పుడు ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు.

"నేను కూడా నీతోపాటు తిరుగుత. కానీ నాది పదకొండే" అంది అక్క కార్డు కొంటూ.

"నీకేం కోరిక?"

"ఒకాయనకు బెయిలొచ్చి పన్నెండు రోజులైంది. జైలు నుంచి బయటికి రాలే."

పదకొండు అయ్యాక ఆమె ఒక పక్కన నీడలో కూర్చుంది. అంతలో ఫోన్ మోగింది. నేను చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక్కో ముక్క చెవిన పడేది. ఇరవై రెండో చుట్టులో, "ఉర్దూల కాదు, వాళ్ల భాషలనే అడుగు." ముప్పై ఒకటిలో, "తండ్రి పేరు ఇంటిపేరు ఎట్లయితది?" నలభైలో, "అమ్మను ఏడవొద్దను. సోమవారం మెమో వేస్తమని చెప్పు." అరవై దాటేసరికి ఫోన్ పక్కనపెట్టి గుడి వైపు చూస్తూ కూర్చుంది. నా కార్డులో అంకెలన్నీ కొట్టేసేసరికి కాళ్లు పీకుతున్నాయి.

ఆఫీసంటే రెండు గదులు

షేర్ ఆటోలో మొయినాబాద్ చేరి, మిర్చి బజ్జీలు చెప్పి కూర్చున్నాం. అక్కడ చెప్పింది అసలు కథ.

ఆమె క్లయింట్లలో ఎక్కువమంది రోహింగ్యాలు. మయన్మార్‌లోని రఖైన్ ప్రాంతం వాళ్లది. అక్కడి 1982 పౌరసత్వ చట్టం వాళ్లని పౌరుల లెక్కలోంచి తీసేసింది. 2012లో అక్కడ అల్లర్లు జరిగాక కొందరు బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చారు. 2017 ఆగస్టు తర్వాతైతే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు. హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల కొన్ని వేల మంది ఉంటున్నారు. ఖాళీ ప్లాట్లు అద్దెకు తీసుకుని రేకులు, టార్పాలిన్లతో గుడిసెలు వేసుకున్నారు. చిత్తు కాగితాలు ఏరడం, కూలి పనులు, చిన్న దుకాణాలు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ ఇచ్చే ఒక కార్డు ఉంటుంది. మన సిటీలో ఆ సంస్థతో కలిసి చాలా ఏళ్లు పనిచేసింది కోవా. పాతబస్తీలో మత సామరస్యం కోసం మొదలైన స్వచ్ఛంద సంస్థ అది. అక్కవాళ్లది ఇంకా చిన్నది.

"ఆ కార్డుంటే చాలదా?" అన్నాను.

"1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలే. శరణార్థుల కోసం వేరే చట్టం లేదు. కాబట్టి చట్టం కంట్ల వాళ్లు విదేశీయులే, కాగితాల్లేని విదేశీయులు. కార్డు చూపిస్తే ఒక ఆఫీసరు సరే పో అంటడు, ఇంకొకాయన పక్కన పడేస్తడు. ఈ మధ్యల ఉన్న జాగలనే మా కొలువు."

మీ ఆఫీసులో ఎంతమంది అంటే వేళ్ల మీద లెక్కపెట్టింది. రెండు గదులు. ఇద్దరు లాయర్లు. ఆడవాళ్లని కాన్పులకీ, పిల్లల్ని బడులకీ తీసుకెళ్లే ఒక ఆంటీ. లెక్కలు రాసే కుర్రాడు. ఒక దుబాసీ. ఆ దుబాసీ తనే ఒక శరణార్థి. రోహింగ్యాల భాష చిట్టగాంగ్ వైపు మాట్లాడే భాషకి దగ్గర. ఇక్కడికొచ్చాక ఉర్దూ నేర్చుకున్నారు. "కానీ భయపడ్డప్పుడు నేర్చుకున్న భాష పోతది. పోలీస్ స్టేషన్ల మంచి ఉర్దూ మాట్లాడేటోడు కూడా నోరు తెరవడు. అప్పుడు మా దుబాసీ పక్కన కూర్చోవాలె. మా అందరికంటే ఆయన పనే కష్టం. ఊళ్ల ఇల్లు ఎట్ల కాలింది, ఎవరు పోయిండ్రు, ఇవన్నీ పొద్దంతా ఇంకొకరి నోటి నుంచి విని మళ్లా తన నోటితోని చెప్పాలె. సాయంత్రం ఎవరితోని మాట్లాడకుంట ఇంటికి పోతడు."

కోర్టులో వాదించడం వాళ్ల పనిలో చిన్న భాగమే. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకి జనన ధ్రువపత్రం ఇప్పించడం, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీతో మాట్లాడటం, ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోతే హెడ్‌మాస్టర్ని కలవడం, ఇవే రోజూ ఉండేవి. రోహింగ్యా పిల్లలు ముందు ప్రభుత్వ బడులకే వెళ్లి అడ్మిషన్ అడగాలని, కాదంటే హైకోర్టుకి వెళ్లొచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆర్డరు కాపీ ఆంటీ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటుందట.

అన్నీ గెలుపులే ఉండవు. ఒక క్లయింటు వద్దన్నా వినకుండా బ్రోకర్ దగ్గర దొంగ ఆధార్ కొన్నాడు, దొరికిపోయాడు. "దొంగ కాగితానికి మేము సాయం చెయ్యం. మొదటి రోజే చెప్తం. కానీ లోపల పడ్డాక వకీలు లేకుంట ఉండొద్దు కదా. కేసు చూసినం. ఆయన తప్పు ఒప్పుకున్నడు." 2025లో అమెరికా విదేశీ సాయానికి కోత పెట్టడంతో యూఎన్‌హెచ్‌సీఆరే ప్రపంచవ్యాప్తంగా వేల ఉద్యోగాలు తీసేసింది. చిన్న సంస్థలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. అక్కకి రెండు నెలల జీతం ఆలస్యంగా వచ్చింది. ఆ రెండు నెలలూ ఆమె మాకు అద్దె టైముకే ఇచ్చిందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

ఇక ఆ ఫోన్ సంగతి. తుక్కు దుకాణంలో పనిచేసే ఒక యువకుడు విదేశీయుల చట్టం కింద అరెస్టయ్యాడు. బెయిల్ వచ్చింది. కానీ ఆయన కార్డులో ఒక పేరు, ఎఫ్ఐఆర్‌లో ఇంకో పేరు, జైలు రికార్డులో మూడోది.

"వాళ్లకు ఇంటిపేరు అలవాటు లేదు. మన ఫారంల ఆ గడి ఖాళీగ పెట్టనియ్యరు. ఎవరో తండ్రి పేరు రాసిండ్రు, ఇంకెవరో ఊరి పేరు రాసిండ్రు. ఇప్పుడు ఈ ముగ్గురూ ఒక్కడే అని నేను నిరూపించాలె. దాని మీద పూచీకత్తు ఇచ్చేటోళ్లు కావాలె. ఆస్తి కాగితాలున్న ఎవరొస్తరు వీళ్లకు?"

"నువ్వే ఇవ్వొచ్చుగా?"

"క్లయింటుకు లాయరు జమానతు ఉండొద్దు. బార్ కౌన్సిల్ రూల్."

బెయిలిచ్చిన 7 రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. దాన్ని పట్టుకునే అక్క ఇప్పుడు పోరాడుతోంది. సొంత పూచీకత్తు మీద వదలమని అడుగుతోంది. "ఆర్డరు మంచిదే. కానీ పేరు కుదిరితేనే గద, ఎవరిని వదలాల్నో తెల్సేది" అని చివరి బజ్జీ నా ప్లేట్లో వేసింది.

మర్రి చెట్ల రోడ్డు

మొయినాబాద్ నుంచి చేవెళ్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఈ ప్రాంతం రూపురేఖలు మార్చింది కూడా ఒక కాగితమే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ నీళ్లు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చి, 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. జీవో ఉంచాలా తీసెయ్యాలా అన్న గొడవ నడుస్తూనే ఉంది. ఈలోపు ఫామ్‌హౌస్‌ల గేట్లు మాత్రం ఒకదాన్ని మించి ఇంకోటి లేస్తున్నాయి. మధ్యమధ్యలో ఇంకా చామంతి, గులాబీ, టమాటా తోటలు మిగిలాయి.

తర్వాత మర్రి చెట్లు. రోడ్డుకి రెండు పక్కల నుంచి వంగి ఆకాశాన్ని మూసేస్తాయి. బీజాపూర్ రోడ్డు వెడల్పు కోసం దాదాపు 900 మర్రి చెట్లు పోతాయని తెలిసి ప్రకృతి ప్రేమికులు వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, మ్యాపులో గుర్తించి, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఏళ్ల తరబడి కేసు నడిచింది. రోడ్డు ఇరుకై పోయే ప్రాణాలూ చిన్న విషయం కాదు. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సుని గుద్దినప్పుడు ఎంతమంది పోయారో ఈ బస్సులో కూర్చున్న వాళ్లెవరూ మర్చిపోలేదు. ఆ చోటు వచ్చినప్పుడు మా ముందు సీటు పెద్దమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

పౌరుడు కాదు, వ్యక్తి

చేవెళ్ల అనగానే చాలామందికి 2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టిన ఊరని గుర్తు. అక్కకి మాత్రం ఇక్కడి కోర్టు గుర్తు. ఆ రోజు రెండో శనివారం, జాతీయ లోక్ అదాలత్. ఆవరణంతా జనం. చెక్ బౌన్స్‌లు, చిన్న తగాదాలు రాజీ చేసుకోడానికి వచ్చినవాళ్లు. టేబుల్ దగ్గర ఒక పారా లీగల్ వాలంటీర్ అమ్మాయి ముసలాయనకి ఫారం నింపుతోంది.

"లా చదివేటప్పుడు నేను గూడ గట్లనే కూర్చున్న" అంది అక్క.

గోడ మీద 15100 అని న్యాయ సాయం హెల్ప్‌లైన్ నంబర్ ఉంది. ఫోన్లో సేవ్ చేసుకోండి, ఎప్పుడైనా ఉపయోగపడొచ్చు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఆ చట్టంలో 12వ సెక్షన్ 'ప్రతి వ్యక్తి' అనే మాటతో మొదలవుతుంది. అక్కకి అత్యంత ఇష్టమైన మాట అదే.

"రాజ్యాంగంల 19వ ఆర్టికల్ పౌరులకు. 14, 21 మాత్రం ఏ వ్యక్తికైనా. మా వాదనంతా ఆ ఒక్క పదం మీదనే నిలబడ్డది. 2021 ఏప్రిల్ 8న రోహింగ్యాల కేసుల సుప్రీంకోర్టు కూడ అదే చెప్పింది, 14, 21 అందరికీ వర్తిస్తయని. కానీ ఈ దేశంలనే ఉండనియ్యాలన్నది పౌరుల హక్కు, పద్ధతి ప్రకారం అయితే పంపొచ్చని గూడ చెప్పింది. రెండూ మా క్లయింట్లకు చెప్తం. సగం చెప్పి ఆశ పెట్టొద్దు."

నాయిన అడిగిన మాట

అక్కవాళ్ల ఇల్లు చేవెళ్ల నుంచి ఆటోలో పావుగంట. రెండెకరాల చేను. సగం చామంతి, సగం టమాటా. వాళ్ల నాయిన గంప దించి, కాళ్లు కడుక్కుని, నన్ను చూసి "ఏ దేశం పోతున్నవు బిడ్డా?" అన్నాడు. అమెరికా అని చెప్పాను. మంచిగ చదువుకో అన్నాడు. అన్నం తినేటప్పుడు మాట అక్క ఉద్యోగం మీదకి మళ్లింది.

"నేనొక్కటే అడుగుత. మనోళ్లకే దిక్కు లేదు. ఈ ఊళ్లె ఎంతమందికి కాగితాల పంచాయితీలు లేవు? పరాయోళ్లకు చేసే బదులు ఈడనే బోర్డు పెట్టుకోవచ్చు గద?"

నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న నాకూ ఉంది. అడగడానికి మొహమాటపడ్డాను అంతే.

అక్క కోపం తెచ్చుకోలేదు. "నాయినా, మొన్న పదిహేనొద్దుల కిందట సర్పంచ్ వాళ్లింటి కేసు చూసినన్నా లేదా? ఈడ గూడ చేస్త. కానీ ఈ పిల్ల రేపు అమెరికా పోతది. ఆడ ఈమె పరాయిదే గద?"

తర్వాత నా వైపు తిరిగి అడిగింది, ట్రై-వ్యాలీ యూనివర్సిటీ గుర్తుందా అని. నాకు తెలీదు, అప్పటికి నేను చిన్నపిల్లని. 2011లో కాలిఫోర్నియాలో మూతపడ్డ ఆ యూనివర్సిటీలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి ఎక్కడికెళ్లినా తెలిసేలా రేడియో ట్యాగులు బిగించారు. 2019 జనవరిలో మిషిగన్ ఫార్మింగ్టన్ కేసు. అక్కడి అధికారులే ఉచ్చుగా పెట్టిన దొంగ యూనివర్సిటీ అది. అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. అప్పుడు తెలుగు సంఘాలు లాయర్లని వెతికి పెట్టాయి.

"అప్పుడు ఆ పిల్లల తల్లిదండ్రులు ఈడ ఏమనుకున్నరు? ఏ దేశపోడైతేంది, ఎవరో ఒక వకీలు నా బిడ్డ దగ్గరికి పోతే చాలు అనుకున్నరు. ఆ వకీలే నేను."

ఆయనేం మాట్లాడలేదు. కంచంలో పెరుగు పోసుకున్నాడు. ఆయన ఒప్పుకున్నాడని నేను అనను. కానీ అమ్మ నెమ్మదిగా చెప్పిన కథ ఒకటుంది. కొన్నేళ్ల కిందట భూమి రికార్డులు ఆన్‌లైన్‌కి మారినప్పుడు ఆయన పేరు రెండక్షరాలు తప్పు పడింది. పాస్‌బుక్ రాలేదు, రైతుబంధు రాలేదు. తాత నుంచి దున్నుతున్న చేలో నిలబడి, ఇది నాదే అని రుజువు చెయ్యడానికి మూడేళ్లు తిరిగాడు. అప్పుడు దారి చూపించింది ఇందాక మేం చూసిన ఆ కోర్టు ఆవరణలోని టేబులే. లా చదువుతున్న కూతురే కాగితాలు రాసింది. ఇన్ని నెలలుగా మా పైన అద్దెకుంటున్నా అక్క ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం నేనొక్కదాన్నే తిరుగు ప్రయాణం. అక్క ఆదివారం ఉండి వస్తానంది. ఆయనే బండి మీద చేవెళ్ల స్టాండ్ దాకా దింపాడు, అక్క వెనకే ఆటోలో వచ్చింది. అమ్మ ఇచ్చిన చామంతుల కవరు నా ఒళ్లో ఉంది. బస్సు కదిలేముందు ఆయన నన్ను కాదు, కూతుర్ని అడిగాడు.

"గా పిలగాని పేరు ఈసారన్న సరిగ్గ రాసిండ్రా?"

"సోమవారం తెలుస్తది నాయినా."

"స్పెల్లింగు రెండుసార్లు చూడు. ఆళ్లు సదివేటప్పుడు పక్కనే నిలవడు."

కండక్టర్ వచ్చాడు. ఆధార్ చూపించాను. ఈసారి జీరో టికెట్‌ని మడిచి ఫోన్ కవర్‌లో పెట్టుకున్నాను. బయట మర్రి చెట్ల కింద చీకటి పడుతోంది.

సోమవారం రాత్రి ఏడున్నరకి అక్క మెసేజ్ వచ్చింది. "పేరు సరిచేసిన్రు. పూచీకత్తు సంగతి బుధవారం."

"మరి నీ నూటెనిమిది ఎప్పుడు?" అని పెట్టాను.

"బయటికొచ్చినాక. నువ్వు ఫ్లైట్ ఎక్కేలోపే అయితే తోడు రా."